జిరాక్సు

పాలు తాగేటప్పుడే వాడికి చెమట.
ఉక్క అనుకున్నాం.
ముమ్మిడివరం అవతల లంక మాది, ఉప్పుగాలి,
ఉక్క కాక మరేటి?
ఆదిలక్ష్మి కొంగుతో నుదురు తుడిచేది,
నాలుగు గుక్కలయ్యాక మళ్ళీ తుడిచేది.

కాకినాడ పెద్దాసుపత్రిలో
తెరమీద వాడి గుండె చూపించారు.
కాలవ లాకుల దగ్గర లస్కరుని నేను,
పంతొమ్మిదేళ్ళుగా షట్టర్లు ఎత్తి దించుతున్నాను,
నీరు ఎక్కడ ఆగిందో చూడగానే తెలుస్తుంది నాకు.
"గోడ మందంగా ఉంది" అన్నారు డాక్టరుగారు.
మందంగా ఉంటే గట్టిది కదండీ అన్నాను.
ఆయన నవ్వలేదు.
కండలోనే చక్కెర పేరుకుపోతోందట,
దాన్ని కరిగించే సరుకు
వాడి ఒంట్లో తయారవదట.
ఉసిరికాయంత గుండెలో
నెత్తురు నిలవడానికి చోటు లేదు.

నెత్తురు ఐసుడబ్బాలో హైదరాబాదు వెళ్ళింది.
కాగితం వచ్చేసరికి
ఏటిగట్టు కింద మట్టి ఇంకా ఆరలేదు.

నాలో ఒక అక్షరం తప్పు.
అదే తప్పు ఆదిలక్ష్మిలో.
ఒక్కటే ఉంటే ఏమీ కాదు, నూరేళ్ళూ బతకొచ్చు,
రెండూ ఒకే బిడ్డకి చేరితేనే,
అదీ నాలుగింట ఒకసారి, అంది కౌన్సెలింగు అమ్మాయి.
మా మేనమామ కూతురే ఆదిలక్ష్మి.
అరెకరం కొబ్బరితోట
బయటి చేతికి పోకూడదని వేసిన ముడి.

ఆ సాయంత్రం సూరాయమ్మ వచ్చింది,
మా అమ్మమ్మ చెల్లెలు.
బారసాలనాడు వీధిలోనే నిలబడి అక్షింతలు విసిరిన మనిషి.
ముగ్గుర్ని కని ముగ్గుర్నీ మింగిందని
యాభై ఏళ్ళుగా ఏ పురిటింటికీ పిలవరు.
"నా పిల్లలకీ పాలప్పుడే చెమటరా" అంది.
తర్వాత
"ఆ అక్షరం నాకూ ఉంటదా?"
ఉండొచ్చు, పరీక్ష చెయ్యందే చెప్పలేం, అన్నాను.
"మీ తాతకి?"
నీ బిడ్డలదీ ఇదే జబ్బయితే
ఆయనకీ ఉండాల్సిందే.

చాలాసేపు అరుగుమీదే కూర్చుంది.
అవతల రేవులో పంటు ఆగింది, మనుషులు దిగారు.
"ఆయనకీనన్నమాట."
మళ్ళీ చదవమంది.
ఇంగ్లీషు ముక్క ఒక్కటీ రాదు నాకు,
ఆ అమ్మాయి గీత గీసిన చోట వేలు పెట్టి
విన్నదే మళ్ళీ చెప్పాను.
సూరాయమ్మ కూడా అక్కడే వేలు పెట్టింది.

లేచేముందు కొంగుముడి విప్పి
రెండు రూపాయలు నా చేతిలో పెట్టి
"దీనికో జిరాక్సు తీయించిపెట్టరా" అంది.