రెండుకీ మూడుకీ మధ్య

మిషిగన్ ఉత్తరపు కొసన, హాన్‌కాక్ దాటాక,
ఏప్రిల్ చివరిక్కూడా మంచు కుప్పలు
మసిబట్టి కూర్చునే రోడ్ల మీద
మా హిల్కా పిన్ని ఉత్తరాలు పంచుతుంది.
బండి సొంతది. తొంభైతొమ్మిది నాటి బ్యూయిక్.
స్టీరింగు ఎడమన, పెట్టెలు కుడిన,
అందుకని తను కుడి సీట్లో కూర్చుని
ఎడమ కాలు అటు చాచి బ్రేకు తొక్కుతుంది.
ఎడమ చేతిలో స్టీరింగు, కుడి చేతిలో కరెంటు బిల్లులు.
రోజుకి నాలుగొందల పన్నెండు పెట్టెలు.
అన్నిసార్లు ఆగాలి,
అన్నిసార్లు బయల్దేరాలి.
గేర్‌బాక్సు ఇదంతా లోపలెక్కడో రాసుకుంటూనే ఉంది.

ఈ చలికాలం అది నీళ్లు నమలడం మొదలెట్టింది.
ఒకటి నుంచి రెండుకి బాగానే పోతుంది.
రెండు నుంచి మూడుకి పోబోయి
దేనికొచ్చానా అని గుమ్మంలో నిలబడ్డ మనిషిలా
ఆగుతుంది. ఇంజను ఉత్తినే అరుస్తుంది.
తర్వాత వెనక నుంచెవరో తోసినట్టు కుదుపు.

మెకానిక్ రూడీ సల్మెలా
డిప్‌స్టిక్ వాసన చూసి పెదవి విరిచాడు.
"లక్షా తొంభై వేల మైళ్లు. ఒక్కసారీ మార్చలేదు.
అయితే ఇక ముట్టుకోకు.
ఆ మురికే దాన్ని పట్టుకుని నడిపిస్తోంది."
పిన్ని సరేనంది.
సరేనని తిన్నగా వెళ్లి
ఎనిమిది సీసాల నూనె, ఫిల్టరు, గాస్కెట్ కొనుక్కొచ్చింది.

ఆదివారం. బండి నాలుగు స్టాండ్ల మీద.
టార్చి పట్టుకోవడం నా పని.
టార్చి సరిగ్గా పట్టినవాళ్లు లోకంలో ఇంకా పుట్టలేదు.
"నా చేతి మీద కాదు. నా చెయ్యి నాకు తెలుసు.
బోల్టు మీద."

ఈ పాన్‌కి అడుగున బిరడా పెట్టలేదు, చేసినవాళ్లు.
ఇరవై బోల్టులు.
ఒక పక్కవి తీసి, ఇంకో పక్కవి వదులు చేసి,
నిద్రపోయిన పిల్ల తల కింద నుంచి చెయ్యి లాగినట్టు
మెల్లగా, మెల్లగా,
అయినా మోచేతి దాకా కారింది.
దానిమ్మరసంలా ఉండాల్సింది
మూడుసార్లు కాచిన డికాషన్‌లా దిగింది,
అడుగంటిన పాల వాసనతో.

పాన్ మూలన గుండ్రటి అయస్కాంతం.
దాని నిండా బూడిదరంగు నూగు, పిల్లి చెవంత మెత్తన.
బొటనవేలితో తీసి, వెలుగు ఇటు పట్టమంది.
"పెచ్చులుంటే చావు. పొడైతే వయసు."
పొడే.
ఇన్నేళ్ల ఆగడాలూ కదలడాలూ
కలిపి చెంచాడు.

దిగినదాన్ని ఖాళీ పాలడబ్బాల్లో పోసి
పైన గీత గీసుకుంది.
దిగినంతే పోయాలి. ఊహించి కాదు.
ఇంకా సగం కన్వర్టర్ కడుపులోనే ఉంటుందని
కాగితం చూసి చదివాను.
"ఉండనీ," అంది బండి కింద నుంచి.
"అంతా ఒక్కసారే తోడేస్తే రూడీ మాట నిజమవుతుంది.
ఉన్నదాంట్లో కలవనీ. మళ్లీ జూన్‌లో చూద్దాం."
బోల్టులు ముందు వేళ్లతో,
ఆపైన రాట్చెట్‌తో ఒక్క పలకరింపు, అంతే.

గరాటు పెట్టి పోసింది. ఇంజను వేసింది.
బ్రేకు మీద కాలుంచి పార్క్, రివర్స్, న్యూట్రల్, డ్రైవ్,
ప్రతి గడిలో మూడంకెలు లెక్కపెడుతూ,
వెనక్కీ అలాగే.
వేడెక్కాక డిప్‌స్టిక్ మీద
పల్చటి ఎరుపు, గీత దగ్గరే.

క్విన్సీ గుట్ట ఎక్కాం.
సెలవని తెలిసీ
ప్రతి పెట్టె దగ్గరా బండి నెమ్మదించింది.
అది గేర్‌బాక్సు తప్పు కాదు.
రెండు. నేను ఊపిరి బిగబట్టాను.
నీళ్లు నమిలింది,
కానీ గుటక వేసింది. మూడు.
పిన్ని ఏమీ అనలేదు.
కిటికీ దించి, చలిలోకి చెయ్యి చాపింది.

రాత్రి బండి కింద అట్టముక్క పరిచాం.
తెల్లారి నేనే ముందు లేచి లాగి చూశాను.
ఒక చుక్క. బటాణీ గింజంత, ఎర్రగా.
పిన్ని యూనిఫారం చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి,
పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టి,
తేదీ వేసి,
అట్టని మళ్లీ కిందకి తోసి,
పనికెళ్లింది.