గోడ మీది పద్దు

పదకొండు గంటల నలభై నిమిషాలకి
నేను నలభై రెండు లక్షలు పుట్టించాను.
మంత్రసాని పని పెద్దగా ఏం లేదు.
నాలుగు, రెండు, ఆపైన ఐదు సున్నాలు,
ఎంటర్.
మధురవాడలో కొండ తొలిచి కడుతున్నారు,
ఏడో అంతస్తు, తూర్పు ముఖం.

ఎవరో దాచుకున్నది తీసి
ఇంకొకరికి ఇస్తామనుకుంటారు జనం.
ఉద్యోగంలో చేరిన రోజు నేనూ అలాగే అనుకున్నాను.
స్ట్రాంగ్ రూము నుంచి ఒక్క కట్ట కదల్లేదు.
పెన్షన్ మాస్టారి పాసుబుక్కులో
రూపాయి తరగలేదు.
ఒక వైపు అప్పు అని రాశాను,
అదే అంకె ఇంకో వైపు జమ అని రాశాను.
అంతకు ముందు లోకంలో లేని డబ్బు
బిల్డరు ఖాతాలో ఒళ్ళు విరుచుకుంది.

గాల్లోంచి తీశానని చెప్పను.
నిబంధనలున్నాయి, పెట్టుబడి లెక్కలున్నాయి,
పై ఆఫీసు కళ్ళున్నాయి.
అయినా తొలి ముద్ద ఎవరి కంచంలో పడాలో
చివరికి ఈ కీబోర్డే చెబుతుంది.

పన్నెండు దాటాక మైలపల్లి కొర్లమ్మ వచ్చింది.
ఫిషింగ్ హార్బర్లో వేలం పాడే మనిషి,
ముందు గొంతు వస్తుంది, వెనక తను.
సంచిలో రేషన్ కార్డు,
తడిసి ముద్దయిన ఐస్ ఫ్యాక్టరీ రసీదులు.
రెండు లక్షలు కావాలి,
ఓ పాత ఆటోకీ ఐసు పెట్టెలకీ.
తాకట్టు ఏముందన్నాను.
సముద్రం వైపు చెయ్యి చూపించి తనే నవ్వేసింది.
"ఇప్పుడు డబ్బుల్లేవమ్మా" అన్నాను, అలవాటుగా.

"లేవేటి బాబూ?
ఇందాకటి ఆ టైబాబుకి
ఏ గదిలోంచి తెచ్చి ఇచ్చినావు?"

మా శిక్షణ కేంద్రంలో
ఈ ప్రశ్నకి జవాబు నేర్పలేదు.

మే నెలలో ఒక సాయంత్రం వాళ్ళ పేటకి వెళ్ళాను.
వేట నిషేధం. జెట్టీ దగ్గర బోట్లు
ముక్కూ ముక్కూ ఆనించుకుని ఊరికే ఊగుతున్నాయి.
వలల షెడ్డు గోడ నిండా సుద్దగీతలు.
ఒక గీతంటే ఒక పూట వల అల్లిక.
తెడ్డు పరసయ్య గీతకి బియ్యం కొలుస్తాడు,
అదే గీతతో తన రేకుల కప్పు బాగుచేయించుకుంటాడు.
రూపాయి మొహం చూడకుండా
అరవై రోజులు పేట పొయ్యి మండుతుంది.

దేవతలేం కాదు వాళ్ళు.
ఒక ఏడు పరసయ్య రాత్రిపూట
నాలుగు గీతలు ఎక్కువ గీసుకున్నాడు.
తెల్లారేసరికి వీధంతా లెక్కపెట్టింది.
కొర్లమ్మ చెప్పు తీసింది.

జూన్లో మొదటి వేట దిగాక
తడి అరచేత్తో గోడ తుడిచేస్తుందట.
"రాసిన సెయ్యే సెరపాల బాబూ.
సెరపడం రానోడికి సుద్ద ఇవ్వకూడదు."

నా దగ్గరా చెరిగిపోతుంది,
వాయిదా కట్టిన ప్రతిసారీ కొంత.
వడ్డీని మాత్రం నేనెప్పుడూ టైప్ చెయ్యలేదు.
అది ఇంకెవరి అప్పులోంచో రావాలి.
గాజువాకలో ఒకడు ఒడ్డెక్కాలంటే
తగరపువలసలో ఇంకొకడు సంతకం పెట్టాలి.

హెడ్డాఫీసుకి ఒక ఉత్తరం రాశాను.
బంగారం కాలానికి పోదామనలేదు,
నోట్లు తోచినన్ని గుద్దమనీ అనలేదు.
ఎవరి కోసం ఎంత పుట్టించామో
ఏ వీధికి ఆ వీధిలో
గోడ మీద రాద్దామన్నాను.
మీ సూచన నమోదైంది, అని జవాబొచ్చింది.
నమోదైన సంఖ్య పదకొండు అంకెలు.

మొన్న కొర్లమ్మ మళ్ళీ వచ్చింది,
వేరే పని, గ్యాస్ సబ్సిడీ పడలేదని.
నేను మానిటర్ని
ఆమె వైపు తిప్పబోయాను.
కేబుల్ పొట్టిది.
అద్దం మీద ట్యూబులైటు మెరుపు తప్ప
ఆమెకేం కనబడి ఉండదు.
అయినా మెడ చాచి
చాలాసేపు చూసింది.