పదును

నా కార్డులో ట్రాక్‌మ్యాన్ అని రాసి ఉండాది.
ఆడమనిషినని తెలిసినా ఎవురూ దిద్దలేదు.
గ్యాంగులో నా పని గడియారం పట్టుకోవడం.
ఫకీరప్ప పట్టాలు అతికిస్తాడు,
నేను క్షణాలు చెప్తా.

రాయలచెరువు దాటినాక, గుత్తి దిక్కు,
పట్టా కోసి కొనల మధ్య సందు పెట్టినాం,
ఇరవై ఐదు మిల్లీమీటర్లు.
కొలబద్ద కంటే ముందు ఫకీరప్ప బొటనవేలు దూరుస్తాడు.
వేలు ఆడితే ఎక్కువ, ఇరుక్కుంటే తక్కువ.

రెండు పక్కలా ఇసుక అచ్చులు బిగించి
అంచులకు బంకమట్టి మెత్తినాడు.
పైన మూస. మూసలో బూడిదరంగు పొడి,
తుప్పూ అల్యూమినియమూ కలిపింది.
"తుప్పు ఇనుమును తింటాది గదా,
దాన్నే మళ్ళా ఇనుముగా కక్కించేది" అంటాడు
కొత్తగా వచ్చిన పిల్లోళ్ళతో, ప్రతిసారీ.

గంటా పది నిమిషాల బ్లాకు.
మంట పెట్టి కొనలు కాగబెడతా ఉంటే
పడమట మబ్బు లేచింది.

పక్క చేన్లో చిన్న సుంకన్న లేచి నిలబడినాడు.
చెనిక్కాయ ఊడలు దిగే అదును.
వాన చూసి ముప్ఫై రెండు దినాలు.
"నేలలో పదును లేదక్కా,
ఊడ నేలను తాకి, దిగలేక
మీదనే మాడిపోతాంది."

ఒకే మబ్బు.
ఆయప్ప రమ్మని చేతులెత్తినాడు,
మేం రావద్దని.
తడి తగిలితే మూస ఎగిరిపడతాది,
ఫకీరప్ప మెడ మీద మచ్చలు అట్ల వచ్చినవే.

జేఈ సారు చేతి వాచీ తట్టినాడు,
"కానీ ఫకీరప్పా, ముట్టించు."
వాడు ఇనుము రంగు చూసినాడు,
ఎరుపే, నారింజకు తిరగలేదు.
"పదును రాలేదు సార్."

చేన్లో ఆ మాటే, పట్టాల మీదా ఆ మాటే.
నవ్వు రాబోయి ఆగిపోయింది.

చినుకులు పడినాయి.
ఒకటి నా గడియారం అద్దం మీద,
ఒకటి అచ్చు మీద, చుయ్‌మని.
ఫకీరప్ప మంట ఆర్పేసినాడు.
సారు ఏమన్నాడో ఇక్కడ రాయను.

ఫిష్ ప్లేట్లు బిగించి, ఇరవై కిలోమీటర్ల బోర్డు పాతి
సిమెంటు గూడ్సును నడిపించినాం,
బాలింతను నడిపించినట్టు.
మబ్బు మా మీదుగా పోయి యాడనో ఆగింది.
యాడికి పోయిందో, ఇంకా అవతలికో.
మా పని చెడేంత వాన.
సుంకన్న పని కుదిరేంత కాదు.

మర్నాడు ఎండ.
పట్టా మీద చెయ్యి పెడితే తోలు వదిలేట్టుంది.
నారింజ రంగు వచ్చినాక
ఫకీరప్ప కాకరపువ్వొత్తి ముట్టించి పొడిలో గుచ్చినాడు.
నల్లద్దాల్లోనుంచి కూడా చూడలేని తెలుపు.
నేను చూడలేదు, లెక్కపెట్టినా.
పద్దెనిమిది, పంతొమ్మిది,
ఇరవై రెండుకు మూస అడుగు కరిగి
ఇనుము నీళ్ళై దిగింది, సందు నిండింది,
మిట్టెం పక్క తొట్టిలోకి పొంగింది.

ఐదు నిమిషాలు ఎవురూ ముట్టుకోరాదు.
ఆ ఐదు నిమిషాలు ఫకీరప్ప బీడీ కూడా తాగడు.

అచ్చు పగలగొట్టి, తలకట్టు నరికి, సాన పట్టినాక
సుంకన్న వచ్చినాడు, చేతిలో పీకిన చెట్లు నాలుగు.
ఎట్లా పోయేవే అన్నాడు.
వేడి మిట్టెం మీద పార పెట్టి
కాయలు కాల్చినాం.
సగం తాలు.
గింజ ఉండేవి మాత్రం తియ్యగున్నాయి.

ఫకీరప్ప తెల్లరంగుతో పట్టా నడుం మీద
తేదీ వేసి, తన అంకె వేసినాడు.
"పేరు రాయరా?" అన్నాడు సుంకన్న.
"పేరెందుకు. ఇరిగితే ఈ అంకెను పిలుస్తారు."
"ఇరగకపోతే?"
"ఎవురూ పిలవరు."

సుంకన్న తాలు ఊది పారేసి
పడమటికి చూసినాడు.
గడియారం జేబులో పెట్టుకుని
ఈసారి నేనూ చూసినా.