పాల లెక్క

రామ్‌నగర్ చేపల మార్కెట్ దాటినంక మూడో గల్లీ,
కింద షాపు, పైన ఇల్లు.
మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు, ఎప్పుడన్న ఒక గ్రైండరు.
వచ్చినోళ్లందరికీ ఒక్కటే మాట చెప్త:
చప్పుడు మారిన రోజే తేవాలె అమ్మా,
పొగ వచ్చినంక తెస్తే కాయిల్ మిగలదు.

ముప్పై ఏండ్ల సంది చెప్తున్న.

పుష్పలీల మెట్లెక్కుతుంటే
రెండు చెప్పుల్ల ఒకటి జర ఆలస్యంగ వస్తది.
టప్పు. సర్ర్. టప్పు. సర్ర్.
చెప్పు తెగిందేమో అనుకున్న.
బర్కత్‌పుర తీస్కపోయి కొత్త జత కొనిచ్చిన.
వారం తిరగకముందే
కొత్త చెప్పు గూడ ఈడ్చుడు నేర్చుకున్నది.

ఒకనాడు పప్పు మాడింది.
కింద షాపుల, వార్నిష్ వాసన నడుమ,
నాకు తెలిసింది.
పొయ్యి ముందట నిలబడ్డ ఆమెకు తెల్వలే.
"జలుబేమో" అన్నది.
జలుబైతే ముక్కు ఎగబీల్చాలె గద
అని నేను అనలే.

మెడికల్ షాపు సాయిలు వాతమన్నడు, గోలీలిచ్చిండు.
పక్కింటి ఫర్జానా బేగం దమ్ చేయించిన నీళ్లు తెచ్చింది.
మా వదిన ఎండు మిరపకాయలు దిగదుడిచి పొయ్యిల ఏసింది.
ఇల్లంత దగ్గినం.
ఘాటొస్తే దిష్టి లేనట్టేనట.
సరే, అదొకటి తీసేసినం.

"బోనాలైనంక చూపిద్దాం" అన్నదామె.
అయినయి.
"నిమజ్జనం కానీ, రోడ్లు బందుంటయి గద" అన్న నేను.
భయపడ్డ మొగుడూ పెండ్లాలకు
క్యాలెండర్ల పండుగలు తక్కువ పడవు.

నిన్న రాత్రి, పాలోనికి పైసలియ్యాలెనని
వంటింటి గోడ మీది ఆ క్యాలెండరే దించిన.
రోజుకొక గడిల ఆమె రాస్తది:
ఎన్ని ప్యాకెట్లు, పెరుగు తీసుకున్నదా లేదా,
గ్యాస్ బండ ఎప్పుడొచ్చింది.

జనవరిల అక్షరాలు బఠానీలంత ఉన్నయి.
గ్యాస్‌ల "గ్యా" అయితే గడి దాటి
తెల్లారి తేదీ మీద కాలు పెట్టింది.
ఏప్రిల్‌ల పెసలు.
జులైల ఆవాలు.
సెప్టెంబర్ దాకా వచ్చేసరికి
కిందికి దిగి, షట్టర్ సగం ఎత్తి,
సన్న తీగె చూసే భూతద్దం తెచ్చుకున్న.
అద్దం కింద గూడ గసగసాలే,
గడిల ఒక మూలకు ఒదుక్కొని కూసున్నయి.
అంత జాగ ఉండంగ.

ఏమైతుందంటే ఏం కాలేదనేది నాతోని.
గోడకైతే చెప్పింది,
దినాం, తేదీ ఏసి.

అద్దం పట్టుకొని ఎంతసేపు నిలబడ్డనో.
పక్క గదిల ఆమె నిద్రల ఏదో గట్టిగ కొట్లాడుతున్నది,
మేలుకున్నప్పుడు ఎన్నడూ గంత గొంతు లేవది.

పొద్దుగాల షట్టర్ తియ్యలే.
క్యాలెండరు చుట్టి చంకల పెట్టుకున్న.
"అదెందుకు?"
"పాలోని బాకీ తేల్చాలె."
"పాలోడు దవాఖానల ఉంటడా?"
అని నవ్వింది.
నవ్వు మొకంల సగం దాకనే వచ్చి ఆగింది.
అది ఎప్పటి సందో
ఏ గడిలనూ రాసి లేదు.

ఆటోల నా పక్కనే కూసున్నది.
ఒడిల కుడి చెయ్యి,
బొటనవేలు, చూపుడువేలు
లేని నోట్లు లెక్కపెడుతున్నయి.
ఇన్ని రోజులు నేను చూసిన. జపమనుకున్న.
దాని మీద నా చెయ్యి పెట్టిన.
ఆగింది.
విద్యానగర్ స్పీడ్ బ్రేకర్ దాటినంక
మళ్లీ మొదలైంది,
నా చెయ్యి కిందనే, నిమ్మళంగ.
"షాపు తియ్యకపోతివి" అన్నది బయటికి చూస్తూ,
"ఆ నల్ల మిక్సీ ఆమె ఇయ్యాల వస్తది గద."
"రానీ" అన్న.