కాగితం వెనక రాసింది

మీ చేతిలో కాగితం మీద ఏడు చోట్లున్నాయి.
ఏడూ చూపిస్తాను, జీతం అందుకేగా.
ట్రియెస్తె ఒక్కపూటలో తిరిగేసే ఊరే,
గాలి ఒప్పుకుంటే.

ముందు పెద్ద చౌకు. మూడు వైపులా మేడలు,
నాలుగోవైపు కట్టడం మరిచిపోయినట్టు సముద్రం.
ఫొటోలు తీసుకోండి. టోపీలు మాత్రం గట్టిగా పట్టుకోండి,
మా బోరా గాలి కొండ దిగి వస్తే
మీదే దేశమని ఎవర్నీ అడగదు.
ఒకప్పుడు వీధి మలుపుల్లో తాళ్ళు కట్టేవారు,
పట్టుకుని నడవడానికి.
మా మేనత్త లీచా ఓ ఫిబ్రవరిలో తాడు జారి
ముక్కూ మొహం తెలియనివాడి కోటు పట్టుకుంది.
ఆయనే మా మామయ్య.

అదిగో సముద్రంలోకి నడిచివెళ్ళి
ఏదో గుర్తొచ్చి ఆగినట్టున్న రాతి రేవు.
ఆ దూరాన తెల్లకోట. అందులో నిద్రపోయినవాడు
పరాయిగడ్డ మీద పోతాడని మా ముసలాళ్ళు అంటారు.
మీరు టికెట్ కొని, చూసి, వచ్చేస్తారు. భయం లేదు.
కాఫీ అడిగే ముందు నన్నడగండి.
ఇక్కడ కాఫీ అంటే, ఏ కాఫీ అని
ఎదురు ప్రశ్న వేస్తారు.

మిగతావి సాయంత్రం.
ఇప్పుడు కాగితం తిప్పండి.
పెన్సిల్‌తో రాసింది నేనే.

పెదోచిన్. గులకరాళ్ళ స్నానాల రేవు.
మధ్యలో తెల్లగోడ, రెండు నిలువుల ఎత్తు.
అటు ఆడవాళ్ళు, ఇటు మగవాళ్ళు.
నవ్వకండి. కూలగొడదామని ఎవరైనా అంటే
ముందు మా ఆడవాళ్ళే చెప్పులు తీస్తారు.

మగపిల్లాడికి పన్నెండు నిండేదాకా అమ్మ వైపే.
వేయించిన సార్డీన్ చేపలు, కొబ్బరినూనె, మోకాళ్ళ నొప్పులు,
ఎవరి మొగుడు ఎవరింట్లో గొడుగు మరిచిపోయాడో...
తువ్వాలు కింద దొంగనిద్ర పోతూ
ఊరంతా చదివేశాను నేను.

పన్నెండు నిండిన ఆ జులైలో
టికెట్ కిటికీ దగ్గర నాన్న భుజం మీద చెయ్యేసి
ఆ తలుపు కాదురా, ఈ తలుపు అన్నాడు.
అమ్మ వెనక్కి చూడలేదు. సంచీ మార్చి పట్టుకుంది.

ఇవతల పేకాట. ఒక రేడియో.
ఓడరేవు క్రేన్ల మీద అరిచి అరిచి
ఆదివారం గొంతుకి సెలవిచ్చుకున్న మనుషులు.
అదే సముద్రం, మాటలే లేవు.

అప్పుడు గోడవతల ఒక ఆడమనిషి నవ్వింది.
పొట్ట పట్టుకుని, ఊపిరాడక,
మధ్యలో ఆగి, మళ్ళీ మొదలెట్టి.
ఎవరో అనుకున్నాను.
నాన్న ముక్క వెయ్యబోయి ఆగాడు.
నవ్వయ్యేదాకా ఆగి, అప్పుడు వేశాడు.
ఆటలో ఎవరూ తొందరపెట్టలేదు.
రోజూ ఉండేదే కాబోలు.

పక్కన పడుకున్నన్నాళ్ళూ
అది నాకు చప్పుడు.
ఇవతలికొచ్చాక, మనిషి.

గోడ నీళ్ళలోకి కొంతదూరమే వెళుతుంది,
తర్వాత దానికీ లోతు భయం.
ఈదుకుంటూ ఆ చివర దాటాను.
పసుపు రబ్బరు టోపీ ఒకటి తేలుతూ వచ్చింది.
తిన్నావా, అంది.
తిన్నానన్నాను, అబద్ధం.
పీచు పళ్ళు మీ నాన్న సంచీ అడుగున ఉన్నాయి,
ఆయనకి తెలీదు, అని
తన వైపుకి తను వెళ్ళిపోయింది.

టికెట్ చిల్లర డబ్బులే, నేనిస్తాను.
ఆడవాళ్ళు అటు, మగవాళ్ళు ఇటు.
కొత్త దంపతులు చేతులు వదలండి, రెండు గంటలేగా.
నేను ఎప్పటిలాగే గోడ నీడలో కూర్చుంటాను.
ఆ నవ్వు ఇప్పుడు లేదు.
వేరేవాళ్ళవి ఉన్నాయి.

నాలుగింటికి బస్సు.
తువ్వాలు మరిచిపోయినవాళ్ళు
చెయ్యెత్తండి.