ముల్లు తీసే బల్ల

ఆయిస్టిన్స్ చేపల బజారులో
నా బల్ల పక్క బల్ల వెర్లీన్‌ది.
ఎగిరే చేప రెక్కలు కోసి, పొట్ట చీల్చి,
వెన్నంటా ఒక్క గీత గీసి
ముల్లు మొత్తం దువ్వెనలా పైకి లాగేసేది.
నేను ఆరు చేసేలోపు తను పది.
"నా చేతిలోంచి ముల్లు జారిపోవాలంటే
దానికి మళ్ళీ రెక్కలు మొలవాలి" అనేది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు, నిలబడే.
కుర్చీ ఉన్నది సంచీ పెట్టుకోడానికి.

ఆ శుక్రవారం నేల కడిగే కెమార్
గొట్టం పట్టుకుని ఆగిపోయాడు.
"ఇది చేప నెత్తురు కాదు, ఆంటీ."
నీళ్ళు పోసిన చోటే మళ్ళీ
ఎర్రగా, సగం అరికాలు.
బూటు లాగి చూస్తే
బొటనవేలి కింద, కాయ కాసిన చర్మంలో
విరిగిన ముల్లు. ఎన్నాళ్ళదో.

మేమెవరం నవ్వలేదు. తనే నవ్వింది.
"కాలు కాలిన పిల్లిలా తిరిగేదాన్ని కదే,
ఇప్పుడు కాలు కాలినా పిల్లికి తెలీదు."

చక్కెర జబ్బు. పదిహేనేళ్ళది.
వాళ్ళన్న క్లెమెంట్‌కి ముందు వేలు తీశారు,
తర్వాత పాదం,
తర్వాత మోకాలి కింద దాకా.
చివరికి వడ్రంగి మాత్రం
నిండు పొడుగు పెట్టెకే డబ్బు తీసుకున్నాడు.

క్లినిక్‌లో కాగితం స్కేలు పెట్టి కొలిచారు.
ఇరవై ఆరు మిల్లీమీటర్లు.
కట్టు, మాత్రలు, పుండు మీద బరువు పడనివ్వని
పెద్ద బూటు, అవన్నీ అనుకున్నవే.
తర్వాత ఒరీతా అనే సన్నటి ఫిజియో పిల్ల
స్టూలు మీద కూర్చుని, తన కాలే గాల్లోకి చాపి,
"పాదం మీకేసి లాక్కోండి. అవతలికి నెట్టండి.
చీలమండ గుండ్రంగా తిప్పండి.
వేళ్ళు ముడవండి, విప్పండి.
నేలకి తగలకూడదు. రోజుకి మూడుసార్లు" అంది.

"నడవొద్దంటారు, కదలమంటారు.
నేనేమన్నా పడవనా, లంగరేసుకుని ఊగడానికి?"

ఒరీతా నవ్వలేదు.
"పిక్క బిగిసి వదిలినప్పుడల్లా
నెత్తురు కదులుతుంది. పుండుకి అదే అన్నం."

మర్నాడు సంచీ నేల మీదకి దిగింది.
వెర్లీన్ కుర్చీ ఎక్కింది.

ఒక చేపకి ఒక లాగుడు, ఒక నెట్టుడు.
చేతుల పని చేతులది, కాలి పని కాలిది.
లెక్క మాత్రం నాది,
తనకి వదిలితే ఎనిమిదినే పది అంటుంది.
కళ్ళు మూసుకుంటే పాదం ఎటు తిరిగి ఉందో
తెలియదట తనకి.
అందుకే చూస్తూ ఆడించేది,
ఎవరి పిల్లనో ఒళ్ళో పెట్టుకుని ఆడించినట్టు.

రమ్ము కొట్టు అరుగు మీంచి ఎవరో అరిచారు,
"ఎవర్ని తంతున్నావు వెర్లీన్?"
"మా అన్న పెట్టె చేసిన వడ్రంగిని!"

రెండో వారం ఇరవై అయిదు.
నాలుగో వారం, అదే ఇరవై అయిదు.
ఆ పూట చేపల్ని
పాత కక్షలున్నట్టు కోసింది.
నాతో మాట్లాడలేదు.
కాలు మాత్రం ఆపలేదు.

తర్వాత పంతొమ్మిది. తర్వాత పదకొండు.
వానలు పట్టాయి, ఎగిరే చేపలు పల్చబడ్డాయి.
బల్ల ఖాళీగా ఉన్న మధ్యాహ్నాల్లో కూడా
ఆ పాదం లేస్తుంది, వాలుతుంది,
రాని చేపలకి లెక్క కడుతూ.

మొన్నటికి అయిదు. ఇంకా మూయలేదు.
అయిదు మిల్లీమీటర్లంటే
ఓ చేప కన్ను, అంతే, అంది వెర్లీన్.
చేప కన్ను ఎప్పుడూ మూసుకోదని
ఇద్దరికీ తెలుసు. ఇద్దరం అనలేదు.

నిన్న రాత్రి నేను
చేతి అద్దం నేల మీద పెట్టి
నా అరికాళ్ళు చూసుకున్నాను.
యాభై నాలుగేళ్ళు నన్ను మోసినవాటి ముఖం
నాకు కొత్త.
మంచం అంచున కూర్చుని కాలు చాపాను.
ఒకటి. రెండు.
మూడు దగ్గర పిక్క పట్టేసింది.