పిచ్చాటూరు గాలాల సంత

రాత్రి డ్యూటీ దిగి, చేతులు మూడుసార్లు కడుక్కొని
కొండ దిగే తొలి బస్సెక్కినాను.
గోళ్లల్లో ఇంకా చందనం వాసన.
అరవై తలలు. ఒక్క మొహమూ గుర్తులేదు,
సుడులు మాత్రం గుర్తుండాయి.
ఎడం సుడి, కుడి సుడి,
రెండు సుడుల పిల్లోడొకడు కత్తి కింద కితకితలకి నవ్వినాడు.
నీళ్లైనా నాకు అంతే.
ఏ ఏరు చూసినా ముందు సుడి యాడుందో వెతుకుతా.

ఆరణియార్ కట్ట కింద గోనెపట్టాలు.
ఏటికొక్క ఆదివారం.
చీమ నోటికి పట్టే గాలం నించి
మేకని వేలాడదీసే కొక్కెం దాకా.
తెగిన హవాయి చెప్పుల్ని కోసి చేసిన బెండ్లు,
సైకిలు పుల్లలు, వెదురు గెడలు,
అద్దాల పెట్టెలో సీమ రీళ్లు పెట్టుకొని
మద్రాసాయన ఎవుర్నీ ముట్టుకోనీలేదు.
నగలంగడి ముందర నిలబడినట్టు నిలబడి
చాలాసేపు చూసి, ధర అడక్కుండా వచ్చేసినా.

దేశమ్మ చివర్లో, తుమ్మచెట్టు చారెడు నీడలో.
ఎడంకాలి రెండు వేళ్ల మధ్య గాలాన్ని బిగించుకొని
నారాయణవనం మగ్గాల కాడ మిగిలిన పట్టుదారంతో
పుంజు మెడ ఈకని చుడతా ఉంది.
ఎర అక్కర్లేని గాలాలు ఆమెవి.
పురుగుని కట్టదు, పురుగు వాలే తీరుని కడుతుంది.
"ఇది తూనీగ. ఇది ఉసిలిపురుగు, వాన మర్నాడే పనిచేస్తాది.
ఇది నాకూ తెలీదు."
"తెలీకుండా ఎట్ల కట్టినావు?"
"చేపకి తెలుసులే సామీ."

నా చెయ్యి పట్టుకొని తిప్పి చూసింది.
"కొండమీద కత్తి పడతావు గదా?
బొటనవేలు కాయ చెప్తాంది."
గొంతు తగ్గించింది.
"ఒక్క పోగు తెచ్చీ నాయనా.
ఆడబిడ్డ జడ కొస, నల్లగా, సన్నంగా.
తూనీగకి మీసాలు పెడతా.
నీళ్లమీద వణకల్లంటే ఈక చాలదు."

ఇరవైరెండేళ్లు.
గుట్టలు గుట్టలుగా నా మోకాళ్ల ముందర పడింది.
చొక్కా మడతలో ఒకటి అంటుకొని వస్తే
మెట్ల కాడినించి వెనక్కి పొయ్యి
హుండీలో వేసొచ్చినోణ్ని.
"అది నాది కాదమ్మా.
ఇచ్చినోళ్లది గూడా కాదు ఇంక."

ఆమె నవ్వలేదు.
దారం పళ్ల మధ్య పట్టుకొని ఊరికే కూర్చుంది.
కాలివేళ్ల మధ్య సగం పురుగు
నా పక్కే చూస్తా ఉంది.

మీసంలోంచి ఒకటి పీకినాను.
కంట్లో నీళ్లు తిరిగినాయి.
మొదట్లో తెలుపు, కొసన నలుపు.
వెలుతురుకి పట్టి చూసి
"ముదురు సరుకు" అనింది.
రెండు ముడులు, తుమ్మజిగురు, ఉఫ్‌మని ఒక ఊదు.
ఇరవై రూపాయలూ ఇరవైగానే తీసుకుంది.
"వెంట్రుక నీదైతే మాత్రం, కూలి నాది గదా."

సాయంత్రం చెరువు అలుగు పక్క.
వానపాముల డబ్బా మూత తీస్తా చెంగల్రాయులు
ఒకటే నవ్వు:
"కొండకి వెంట్రుక కట్టి లాగే రకం రా నువ్వు!
వస్తే కొండ, పోతే వెంట్రుక."
కొండ నాకెందుకు, రోజూ దాని మీదే ఉండేవాణ్ని.
ఒక కొర్రమట్ట చాలు.

విసిరినా.
తామరాకు అంచున వాలి
నా మీసం వణికింది.
దాని వెనకాల నీళ్లు మెల్లగా తిరిగినాయి.
కుడి సుడి.
గెడ వంగింది, చెయ్యి వంగింది,
నల్లటి వీపొకటి మూరెడు పైకి లేచి
నన్నొకసారి చూసి
ఫట్.

తేలిగ్గా అయిపొయింది గెడ.

"పోయిందా?" అన్నాడు చెంగల్రాయులు.
"ఇచ్చినా" అన్నాను.
వాడికి అర్థం కాలేదు, డబ్బా మూత పెట్టుకున్నాడు.

ఏడుంబావు బస్సు. రేపు పగటి డ్యూటీ.
కిటికీ పక్కన కూర్చొని
పైపెదిమ మీద వేలు పెట్టుకుంటే
ఆ చోట ఇంకా చురుక్కుమంటాంది.